వైపర్ మరమ్మతు: అద్దం నుంచి మోటార్ దాకా వరసగా

కొత్త బ్లేడ్లు వేసినా చారలు పోవడం లేదని కొందరు, మోటార్ మార్పించినా ఒక పక్క వైపర్ కదలడం లేదని మరికొందరు అడుగుతూనే ఉన్నారు. ఇద్దరి విషయంలోనూ లోపం ఎక్కడుందో తేలకముందే డబ్బు ఖర్చయిపోయింది. వైపర్‌ను బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో తెలియకపోతేనే చిక్కు.

ఇక్కడ పాటించే వరస ఇది: అద్దం, రబ్బరు, ఆర్మ్ (బ్లేడును పట్టుకునే కడ్డీ), లింకేజీ (మోటార్ కదలికను ఆర్మ్‌లకు చేర్చే కడ్డీల అమరిక), మోటార్, చివరగా స్విచ్చు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు). అంటే బయటి నుంచి లోపలికి. తుడుపు బాగాలేదన్న ఫిర్యాదులు చాలావరకు మొదటి మూడింటి దగ్గరే తేలిపోతాయి, బానెట్ ఎత్తే పని కూడా ఉండదు. వైపర్ బొత్తిగా కదలకపోతే మాత్రం ఫ్యూజుతో మొదలుపెట్టాలి.

1. లోపల ఏముంది?

కారులో వైపర్‌ను తిప్పేది 12 వోల్టుల డీసీ మోటార్. పెద్ద లారీలు, బస్సుల్లో ఎక్కువగా 24 వోల్టులది ఉంటుంది. మోటార్ ఇరుసు చాలా వేగంగా తిరుగుతుంది. దాని చివర ఉన్న వార్మ్ గేరు ఆ వేగాన్ని తగ్గించి, బలాన్ని పెంచుతుంది. గేరు పెట్టెలోంచి బయటికి వచ్చిన ఇరుసుకు క్రాంక్ అనే పొట్టి ముక్క బిగించి ఉంటుంది. ఇది ఒకే దిశలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఆ గుండ్రటి తిరుగుడును అటూ ఇటూ ఊపుగా మార్చేది లింకేజీ. క్రాంక్ నుంచి లింక్ రాడ్లు, రాడ్ల చివర బాల్ జాయింట్లు, అక్కడి నుంచి రెండు స్పిండిళ్లు ఉంటాయి. బాల్ ఉక్కుది, అది కూర్చునే గిన్నె ప్లాస్టిక్‌ది. స్పిండిల్ పైకొన మీద సన్నని పళ్లు ఉంటాయి, వాటిని స్ప్లైన్ అంటారు. ఆర్మ్ ఆ పళ్ల మీద కూర్చుంటుంది, పైన నట్టు పడుతుంది.

మోటార్‌లో రెండు సంగతులు గుర్తుంచుకుంటే తర్వాత పరీక్షలు తేలికవుతాయి.

మొదటిది వేగం. చాలా మోటార్లలో మూడు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ఒకటి రెండు వేగాలకూ ఉమ్మడి. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది తక్కువ వేగానికి, కాస్త పక్కకు జరిపి పెట్టినది ఎక్కువ వేగానికి. అందుకే ఒక వేగం పనిచేస్తూ ఇంకొకటి చచ్చిపోవడం కుదురుతుంది.

రెండోది పార్కింగ్. మీరు స్విచ్చు ఎప్పుడు ఆపినా వైపర్లు అద్దం అడుగుకు వెళ్లే ఆగుతాయి. గేరు మీద ఉన్న రాగి పట్టీ, దానిమీద జారే కాంటాక్టులు ఈ పని చేస్తాయి. స్విచ్చు ఆపాక కూడా ఈ దారిలో మోటార్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. ఆర్మ్ అడుగుకు రాగానే పట్టీతో కాంటాక్టు తెగి కరెంటు ఆగుతుంది, అదే క్షణంలో మోటార్ తీగల రెండు చివరలూ కలిసిపోయి బ్రేకు వేసినట్టు నిలబడుతుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- సాకెట్ సెట్టు. ఆర్మ్ నట్లు, లింకేజీ ఫ్రేము బోల్టులు ఎక్కువగా 10 నుంచి 17 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి
- వైపర్ ఆర్మ్ పుల్లర్ (బిగుసుకున్న ఆర్మ్‌ను పైకి లాగే సాధనం)
- వెడల్పాటి స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసే సాధనం
- మల్టీమీటర్
- వైర్ బ్రష్, సన్నని ఎమరీ కాగితం
- తుప్పు వదిలించే స్ప్రే, నీటికి కరగని గ్రీజు
- కాగితపు టేపు, మార్కర్ పెన్ను, మందపాటి తువ్వాలు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ

వాహనం సర్వీసు మాన్యువల్ దొరికితే అదీ దగ్గరుంచుకోండి. నట్టు ఎంత బిగించాలో, సర్వీసు స్థితికి (మరమ్మతు కోసం ఆర్మ్‌లను అద్దం మధ్యలో ఆపడానికి) ఎలా వెళ్లాలో అందులో ఉంటుంది.

3. చెయ్యి పెట్టేముందు

వైపర్ మోటార్ చిన్నదే, కానీ గేరు వల్ల వచ్చే బలం వేలి ఎముకను విరిచేంత ఉంటుంది. లింకేజీలో వేళ్లు ఉండగా ఎవరో కారులో కూర్చుని స్విచ్చు తిప్పారంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. వాన సెన్సార్ ఉన్న కార్లలో అది కూడా అవసరం లేదు. ఇగ్నిషన్ ఆన్‌లో, స్విచ్చు ఆటోలో ఉండగా అద్దం మీద తడిగుడ్డతో తుడిచినా వైపర్ లేస్తుంది.

- తాళం చెవి తీసి మీ జేబులో వేసుకోండి.
- అద్దం అడుగున ఉండే ప్లాస్టిక్ కవరు విప్పే పని ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ తప్పించండి. పరీక్ష కోసం కలిపినప్పుడు చేతులు బయట ఉంచండి.
- బ్లేడు తీసిన ఆర్మ్‌ను గాలిలో వదిలేయకండి. స్ప్రింగు లాగి ఇనుప కొన అద్దానికి కొడితే అద్దం పగులుతుంది. కింద తువ్వాలు మడతపెట్టి పరవండి.
- ఆర్మ్‌లు పైకెత్తి ఉండగా బానెట్ ఎత్తకండి.

వైపర్లు బానెట్ అంచు కింద దాక్కునే కార్లలో వాటిని అలాగే ఎత్తితే బానెట్ రంగు గీసుకుపోతుంది. వీటికి సర్వీసు స్థితి ఉంటుంది. చాలా కార్లలో ఇగ్నిషన్ ఆపిన కొన్ని క్షణాల్లోపే స్టీరింగ్ పక్కనున్న వైపర్ స్విచ్చు కాడను ఒకసారి కదిపితే ఆర్మ్‌లు అద్దం మధ్యకు వచ్చి ఆగుతాయి. కొన్నింటిలో ఇది తెర మీది మెనూలో ఉంటుంది.

4. లక్షణాన్ని చదవడం

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. అద్దాన్ని బాగా తడిపి, తక్కువ వేగంలో వైపర్లు నడిపి, లోపల కూర్చుని గమనించండి. పొడి అద్దం మీద ఎప్పుడూ పరీక్షించకూడదు. రబ్బరు అంచు పాడవుతుంది, వచ్చిన ఫలితమూ నమ్మదగినది కాదు.

ప్రతి ఊపులోనూ ఒకే చోట సన్నని గీత పడుతుంటే రబ్బరు అక్కడ చిరిగి ఉంటుంది, లేదా ఇసుక రేణువు అంటుకుని ఉంటుంది. వేలితో తుడిచినా గీత పోకపోతే రబ్బరు మార్చాల్సిందే.

వెడల్పాటి పట్టీలా నీరు మిగిలిపోతుంటే అక్కడ ఒత్తిడి అందడం లేదు. బ్లేడు వంపు అద్దం వంపుతో కలవడం లేదు, లేదా ఆర్మ్ స్ప్రింగు బలహీనపడింది.

బ్లేడు వెళ్లిన వెంటనే ఆవిరి పట్టినట్టు మసక కమ్మి, ఒకటి రెండు క్షణాల్లో ఆరిపోతుంటే తప్పు అద్దం మీది జిడ్డుది. చాలామంది బ్లేడ్లు అనవసరంగా మార్చేది ఇక్కడే.

బ్లేడు టకటకమని గెంతుతుంటే ఏ దిశలో గెంతుతోందో చూడండి. రెండు దిశల్లోనూ అయితే జిడ్డు అద్దమో గట్టిపడిన రబ్బరో కారణం. పైకి వెళ్లేటప్పుడే, లేదా కిందికి వచ్చేటప్పుడే అయితే ఆర్మ్ మెలిపడి ఉండవచ్చు.

మిగతావి త్వరగా:

- ఒక ఆర్మ్ కదలదు, రెండోది బాగానే ఉంది: ఆర్మ్ నట్టు వదులు, లేదా ఆ పక్క బాల్ జాయింట్ ఊడింది. మోటార్ జోలికి వెళ్లకండి.
- రెండూ కదలవు, మోటార్ శబ్దం వినిపిస్తోంది: క్రాంక్ నట్టు వదులైంది, క్రాంక్ జాయింట్ ఊడింది, లేదా గేరు పళ్లు పోయాయి.
- శబ్దమే లేదు: ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఎర్త్ (కారు బాడీకి బిగించే నెగటివ్ తీగ), ఆ తర్వాతే మోటార్.
- నెమ్మదిగా ఈడుస్తున్నాయి: స్పిండిల్ పట్టేసింది, లేదా మోటార్‌కు కరెంటు పూర్తిగా అందడం లేదు.
- కాసేపు నడిచి ఆగి, మళ్లీ కాసేపటికి వాటంతట అవే పనిచేస్తున్నాయి: చాలా మోటార్లలో వేడెక్కితే తెగి, చల్లారాక కలిసే రక్షణ ఉంటుంది. మోటార్ మీద బరువెక్కువ పడుతోందని అర్థం.
- ఆపిన చోటే నిలిచిపోతున్నాయి, లేదా ఆపినా ఆగడం లేదు: పార్కింగ్ కాంటాక్టులు లేదా రిలే.
- అద్దం పక్క చట్రానికి కొట్టుకుంటోంది: ఆర్మ్ తప్పు పంటి మీద కూర్చుంది, లేదా జాయింట్లు అరిగి ఊపు పెరిగింది.

నెమ్మది అన్నది ఊహకు వదిలేయకుండా లెక్కపెట్టవచ్చు. అమెరికా భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 104 ప్రకారం వైపర్లకు కనీసం రెండు వేగాలు ఉండాలి. ఎక్కువ వేగంలో నిమిషానికి కనీసం 45, తక్కువ వేగంలో కనీసం 20 ఊపులు రావాలి, రెండింటికీ తేడా 15కు తగ్గకూడదు. వెళ్లి రావడం కలిపి ఒక ఊపు. ఇంజిన్ నడుస్తుండగా, తడి అద్దం మీద లెక్కపెట్టండి. మీ వాహనానికి ఈ ప్రమాణం వర్తించినా వర్తించకపోయినా పోల్చుకోవడానికి ఈ అంకెలు చక్కగా ఉపయోగపడతాయి.

5. అద్దం

ముందు సబ్బు నీళ్లతో కడిగి మట్టి పోగొట్టండి. తర్వాత ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. గుడ్డను మళ్లీ మళ్లీ మడిచి శుభ్రమైన వైపు తిప్పుకోకపోతే జిడ్డును ఒకచోటి నుంచి ఇంకోచోటికి పూసినట్టే అవుతుంది.

ఆరిన అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగిన వేళ్లతో నిమిరి చూడండి. గరుకు ఇంకా తగిలితే క్లే బార్‌తో (మురికిని లాగేసే మెత్తని బంకమట్టి లాంటి ముద్ద), కావలసినంత తడి ఉంచుతూ రుద్దాలి. చెట్ల జిగురు, రోడ్డు తారు చుక్కలు దీనితో వదులుతాయి.

రాత్రివేళ ఎదురు దీపాల వెలుగులో అద్దం నిండా చిన్న చిన్న మెరుపు చుక్కలు కనిపిస్తే అవి ఇసుక కొట్టిన గుంటలు. అవి ఏ బ్లేడుకూ లొంగవు. గోరుకు తగిలేంత లోతైన వంపు గీతలూ అంతే. అలాంటి అద్దం మీద కొత్త బ్లేడు అంచు కూడా త్వరగా పాడవుతుంది.

6. బ్లేడు, రబ్బరు

మూడు రకాల బ్లేడ్లు ఉన్నాయి. ఇనుప విల్లులతో కట్టిన పాత తరహావి, లోపల ఒకే ఉక్కు పట్టీ ఉన్న చదునువి, విల్లుల మీద ప్లాస్టిక్ తొడుగు వేసిన హైబ్రిడ్‌వి. ఏ రకం మంచిదన్న చర్చ కంటే మీ అద్దం వంపుకు సరిపోతుందా అన్నదే ముఖ్యం. బాగా వంపు తిరిగిన అద్దం మీద తప్పుగా ఎంచుకున్న చదును బ్లేడు కొసలు పైకి లేచి నిలబడతాయి.

కొనేముందు పాత బ్లేడు రెండింటినీ విడివిడిగా కొలవండి. డ్రైవర్ వైపుది, పక్క సీటు వైపుది చాలా కార్లలో ఒకే పొడవు ఉండవు. పొడుగైతే ఎక్కువ తుడుస్తుందని పెద్దది వేస్తే ఒకదానికొకటి తగులుతాయి, లేదా అద్దం అంచు దాటుతాయి.

కొక్కెం తరహా ఆర్మ్ అయితే మార్చే తీరు ఇది:

- ఆర్మ్ ఎత్తి, తువ్వాలు పరవండి.
- బ్లేడును ఆర్మ్‌కు అడ్డంగా తిప్పండి.
- మధ్యలో ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుక నొక్కి, బ్లేడును కొక్కెం వంపు నుంచి దూరంగా, అంటే ఆర్మ్ మొదలు వైపు నెట్టండి. కొక్కెం జారి వస్తుంది.
- కొత్తదాన్ని అదే దారిలో ఎక్కించి, టిక్కుమన్న శబ్దం వచ్చేదాకా లాగండి.
- గట్టిగా ఒకసారి గుంజి చూడండి. ఊడి వచ్చేదైతే ఇప్పుడే రావాలి, వేగంగా వెళుతున్నప్పుడు కాదు.
- రబ్బరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసేయండి. అది ఉంచేసి వైపర్ తుడవడం లేదనేవారు తక్కువేమీ లేరు.

రబ్బరు మాత్రమే మార్చేటట్టయితే, దాని రెండు పక్కలా ఉండే సన్నని ఉక్కు పట్టీలు ఏ వంపుతో వచ్చాయో అదే వంపుతో తిరిగి ఎక్కించండి. తిరగేస్తే బ్లేడు మధ్యలో అద్దాన్ని తాకదు.

రబ్బరు అంచును గరుకు కాగితంతో రుద్దితే కొత్తదవుతుందన్న చిట్కా బాగా ప్రచారంలో ఉంది. నేను దీన్ని ఎవరికీ చెప్పను. అంచు పదునుగా కోసి ఉంటుంది, చాలా బ్లేడ్లకు పైన జారుడు పూత కూడా ఉంటుంది. రుద్దితే రెండూ పోతాయి. పెట్రోలు, కిరోసిన్, గ్రీజు కూడా రబ్బరుకు తగలకూడదు. తడిగుడ్డతో మురికి తుడవండి, చాలు.

7. ఆర్మ్ వాలు, స్ప్రింగు బలం

బ్లేడు మీద ఉన్న రబ్బరు పెదవి పైకి వెళ్లేటప్పుడు ఒక పక్కకు, కిందికి వచ్చేటప్పుడు రెండో పక్కకు వాలాలి. ఊపు చివర అది చటుక్కున పక్క మార్చుకోవడం లోపలి నుంచి చూస్తే కనిపిస్తుంది. ఎప్పుడూ కదలిక వెనకనే వాలి ఉండాలి. చీపురును లాగితే ఊడుస్తుంది, ఎదురు నెడితే గెంతుతుంది. రబ్బరు సంగతీ ఇంతే. గట్టిపడిన రబ్బరు పక్క మార్చుకోలేదు. ఆర్మ్ మెలిపడినా మార్చుకోలేదు.

వాలు పరీక్షించడం ఇలా. ఆర్మ్‌ను అద్దం మధ్యకు తెచ్చి, ఇగ్నిషన్ ఆపి, బ్లేడు తీయండి. తువ్వాలు కూడా తీసేసి ఆర్మ్ కొనను చేత్తో పట్టుకుని మెల్లగా అద్దం దగ్గరికి దించండి. కొన చదును భాగం అద్దానికి సమాంతరంగా ఉండాలి. ఒక అంచు ముందుగా తాకబోతుంటే ఆర్మ్ మెలిపడింది.

సరిచేయాలంటే ఆర్మ్‌కు గుడ్డ చుట్టి, ఒక సర్దుబాటు స్పానర్‌తో మొదలు దగ్గర గట్టిగా పట్టుకుని, ఇంకొకదానితో కొన దగ్గర కొంచెం మెలితిప్పండి. స్పిండిల్ మీద బలం పడకుండా, వీలైతే ఆర్మ్ విప్పి చేయండి. కొంచెం తిప్పడం, పెట్టి చూడడం, మళ్లీ కొంచెం తిప్పడం. ప్లాస్టిక్ లేదా పోత లోహపు ఆర్మ్‌ను మాత్రం తిప్పకండి, విరుగుతుంది.

స్ప్రింగు బలం తెలియాలంటే చిన్న స్ప్రింగు త్రాసుతో బ్లేడు తగిలే చోట ఆర్మ్‌ను పట్టి, బ్లేడు అద్దం వదిలేదాకా ఎత్తండి. అంకె ఎంత రావాలన్నది బ్లేడు పొడవును బట్టి మారుతుంది కాబట్టి అదే వాహనం కొత్త ఆర్మ్‌తో పోల్చుకోవడం మేలు. అంతకు ముందు కీలుకు రెండు చుక్కలు నూనె వేసి పదిసార్లు ఎత్తి దించండి. తుప్పు పట్టిన కీలును బలహీనపడిన స్ప్రింగుగా పొరబడడం మామూలే.

8. ఆర్మ్‌ను దెబ్బ తగలకుండా విప్పడం

ఈ ఒక్క మెట్టులో పోయే డబ్బు మిగతా అన్నింటికంటే ఎక్కువ. అద్దం పగలడం, స్పిండిల్ వంగడం రెండూ ఇక్కడే జరుగుతాయి.

1. వైపర్లు వేసి ఆపి, అవి పూర్తిగా అడుగుకు వచ్చి ఆగనివ్వండి.
2. రెండు బ్లేడ్ల వెంట అద్దం మీద కాగితపు టేపు అంటించి గీత గీయండి. ఏది ఏ పక్కదో రాయండి.
3. నట్టు మీది ప్లాస్టిక్ మూత తీసి, తుప్పు ఉంటే స్ప్రే కొట్టి కొంతసేపు వదిలేయండి.
4. నట్టు వదులు చేయండి, పూర్తిగా తీసేయకండి. రెండు మూడు చుట్లు మిగిలి ఉంటే ఆర్మ్ ఒక్కసారిగా ఎగిరిపడదు, స్పిండిల్ మరలు కూడా చెడవు.
5. ఆర్మ్ ఎత్తి, స్ప్రింగు ఒత్తిడి తగ్గించి, మొదలు దగ్గర పట్టుకుని అటూ ఇటూ సున్నితంగా ఊపండి.
6. రాకపోతే పుల్లర్ పెట్టండి. దాని మధ్య మర స్పిండిల్ నడినెత్తిన సరిగ్గా కూర్చున్నాక మెల్లగా బిగించండి. టక్కుమని వదులుతుంది.

సుత్తితో కొడితే ఆ దెబ్బ స్పిండిల్ బుష్‌కు (స్పిండిల్ తిరిగే గొట్టం లాంటి తొడుగు), లింకేజీ ఫ్రేముకు పోతుంది. స్క్రూడ్రైవర్‌ను అద్దం అంచుకు ఆనించి ఎగదోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

విప్పాక పళ్లు చూడండి. స్పిండిల్ ఉక్కుది, ఆర్మ్ మొదలు తరచుగా మెత్తని పోత లోహంతో చేస్తారు. నట్టు వదులైనప్పుడు ముందుగా అరిగేది ఆర్మ్ పళ్లే. లోపల బూడిదరంగు పొడి పేరుకుని, గోడ నున్నగా ఉంటే ఎంత బిగించినా మళ్లీ జారుతుంది. ఆర్మ్ మార్చండి. పళ్లు బాగానే ఉంటే వైర్ బ్రష్‌తో రెండు పక్కలా శుభ్రం చేస్తే సరిపోతుంది.

9. కవరు కింద: లింకేజీ

అద్దం అడుగున ఉండే వెడల్పాటి ప్లాస్టిక్ కవరును కౌల్ కవరు అంటారు. ఆర్మ్‌లు తీశాక బానెట్ వెనక రబ్బరు పట్టీ లాగి, క్లిప్పులు ఊడదీసి, అద్దం మీద నీరు చిమ్మే వాషర్ గొట్టం విడదీస్తే ఇది వస్తుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ఒక మూల పట్టుకుని లాగితే విరుగుతుంది. రెండు చేతులతో సమంగా ఎత్తండి.

కింద ఎండుటాకులు, మట్టి పేరుకుని ఉంటే ముందు వాటిని ఎత్తేయండి. మూలల్లో నీరు పోయే రంధ్రాలు ఉంటాయి. అవి పూడుకుంటే వాన నీరు నిలిచి మోటార్‌ను ముంచుతుంది, ఏసీ బ్లోయర్ గుండా కారులోకి కూడా దిగుతుంది. ఒక లీటరు నీరు పోసి కింద కారిపోతోందో లేదో చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష. క్రాంక్ దగ్గర లింక్ రాడ్డును వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎగదోసి విడదీయండి. దీంతో మోటార్ ఒక పక్క, లింకేజీ ఒక పక్క అవుతాయి.

- ఒక్కొక్క స్పిండిల్‌ను వేళ్లతో తిప్పండి. నిమ్మళంగా తిరగాలి. పట్టకారుతో తప్ప తిరగకపోతే నెమ్మదికి కారణం దొరికినట్టే.
- స్పిండిల్‌ను పక్కలకు ఊపండి. లొడలొడలాడితే బుష్ అరిగింది.
- ప్రతి బాల్ జాయింట్‌ను పైకీ కిందికీ లాగండి. టకటకమంటే గిన్నె పోయింది.
- చేతులు బయట పెట్టి, బ్యాటరీ కలిపి, మోటార్‌ను ఒంటరిగా నడపండి. జోరుగా తిరిగితే మోటార్‌ను అనుమానించకండి.

పట్టేసిన స్పిండిల్‌కు పైనుంచి స్ప్రే కొట్టి సరిపెట్టుకోవడం తాత్కాలికం. పలచని నూనె లోపలికి దిగుతుంది, నాలుగు వానలకు కొట్టుకుపోతుంది. సరైన పద్ధతి వేరు. సర్‌క్లిప్ (స్పిండిల్ జారకుండా పట్టి ఉంచే ఉక్కు వలయం) తీసి, దాని కింది వాషర్ రింగులు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసి, స్పిండిల్‌ను కిందికి లాగండి. దాని మీద ఎండిన పాత గ్రీజు, ఎర్రటి తుప్పు పొర ఉంటాయి. ఎమరీతో నున్నగా చేసి, బుష్ లోపల గుడ్డ దూర్చి శుభ్రం చేసి, నీటికి కరగని గ్రీజు పూసి తిరిగి ఎక్కించండి. పైన ఉండే రబ్బరు వలయం చిరిగి ఉంటే మార్చండి. నీరు దిగేది అక్కడి నుంచే. కొన్ని లింకేజీల్లో స్పిండిల్ ఊడదీసే వీలే ఉండదు, అప్పుడు లింకేజీ మొత్తం మార్చాలి.

ఊడిన బాల్ జాయింట్‌ను తీగతోనో ప్లాస్టిక్ టైతోనో కట్టడం ఇల్లు చేరేదాకా పనికొస్తుంది, అంతే. విడిగా దొరికే ప్లాస్టిక్ గిన్నె వేసేటప్పుడు పాత గిన్నెను పూర్తిగా తీసి, కొత్తదాన్ని వేడినీటిలో కాసేపు ఉంచి, నోరు పెద్దగా తెరుచుకునే ప్లయర్‌తో నిటారుగా నొక్కండి. కూర్చున్నాక గ్రీజు పూయండి.

10. మోటార్, వైరింగ్

ముందు ఫ్యూజు. చూసి వదిలేయకుండా మీటర్‌తో పరీక్షించండి. ఫ్యూజు పోయి ఉంటే పెద్దది వేయకండి. అది పోవడానికి కారణం పట్టేసిన స్పిండిల్ కావచ్చు. పెద్ద ఫ్యూజు వేస్తే తర్వాత కాలేది వైరింగో మోటారో.

కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడండి. పచ్చటి పొడి పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. కనెక్టర్ ఊడదీసి వోల్టేజి కొలిస్తే చెడ్డ తీగ కూడా మంచి అంకె చూపిస్తుంది. కలిపి ఉంచి, వైపర్ నడుస్తుండగా వెనక నుంచి కొలవాలి.

- ఇంజిన్ నడుస్తుండగా మోటార్ దగ్గర వోల్టేజి బ్యాటరీ దగ్గరి వోల్టేజికి దగ్గరగా ఉండాలి. ఒక వోల్టుకు మించి తేడా ఉంటే తీగల్లో, స్విచ్చులో లేదా రిలేలో ఎక్కడో నష్టం ఉంది.
- మీటర్ ఒక కొన మోటార్ ఎర్త్ తీగ దగ్గర, రెండోది బ్యాటరీ నెగటివ్ దగ్గర పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించండి.
- కరెంటు పూర్తిగా అందుతూ, లింకేజీ విడదీసి కూడా మోటార్ ఈడుస్తుంటే అప్పుడు మోటార్ మార్చే మాట ఆలోచించండి.

ఒక వేగం మాత్రమే పనిచేస్తుంటే ఆ వేగం పిన్ను దగ్గర కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే బ్రష్ అరిగింది. రాకపోతే స్విచ్చు లేదా రిలే.

పార్కింగ్ లోపానికి గేరు మూత స్క్రూలతో ఉంటే విప్పి చూడవచ్చు. గోధుమరంగులో గట్టిపడిన గ్రీజు రాగి పట్టీ మీదికి పాకి ఉండడం తరచూ కనిపిస్తుంది. తుడిచి, కాంటాక్టుల కొనలు తేలిగ్గా శుభ్రం చేసి, పళ్లకు మాత్రం కొత్త గ్రీజు పెట్టండి. మూత రివెట్లతో మూసి ఉంటే తెరవకండి.

మోటార్ మార్చేటప్పుడు అందరూ తడబడేది క్రాంక్ దగ్గర. పాత మోటార్ మీద క్రాంక్ ఏ కోణంలో ఉందో, దాన్ని కదపకముందే మార్కర్‌తో గీయండి. కొత్త మోటార్‌కు ఏమీ బిగించకుండా కనెక్టర్ కలిపి, ఒకసారి నడిపి ఆపండి. అది తన పార్కింగ్ స్థానానికి వచ్చి ఆగుతుంది. ఆ తర్వాతే క్రాంక్‌ను పాత కోణంలో బిగించాలి. ఈ క్రమం తప్పితే వైపర్లు అద్దం మధ్యలో పార్కు అవుతాయి, లేదా బానెట్‌కు కొట్టుకుంటాయి.

కొన్ని కార్లలో లింకేజీ లేకుండా ప్రతి ఆర్మ్‌కు వేరే మోటార్ ఉండి, కంప్యూటర్ రెండింటినీ కలిపి నడుపుతుంది. వాటిలో మోటార్ మార్చాక స్కానర్‌తో స్థానాలు నేర్పించాల్సి రావచ్చు. ఇంట్లో తేలే పని కాదు.

11. తిరిగి బిగింపు

- జాయింట్లన్నీ టక్కుమని కూర్చున్నాయా అని ఒక్కొక్కటీ లాగి చూడండి.
- ఆర్మ్‌లు పెట్టకముందే బ్యాటరీ కలిపి, రెండు వేగాల్లో నడిపి ఆపండి. స్పిండిళ్లు పార్కింగ్ స్థానంలో ఆగాలి.
- కవరు బిగించండి. వాషర్ గొట్టం మరచిపోకండి.
- ఆర్మ్‌ను టేపు గీతకు సరిగ్గా పెట్టి, చేత్తో అదిమి, నట్టు మాన్యువల్లో ఉన్న మేరకు టార్క్ రెంచ్‌తో బిగించండి. అతిగా బిగిస్తే మెత్తని ఆర్మ్ పళ్లు అప్పుడే నలిగిపోతాయి.
- అద్దం తడిపి తక్కువ వేగంలో నడపండి. ఆ తర్వాతే ఎక్కువ వేగం. తడి అద్దం మీద ఎక్కువ వేగంలో ఊపు కాస్త పెరుగుతుంది కాబట్టి పక్క చట్రానికి, రెండో బ్లేడుకు తగలకుండా కొంత ఎడం ఉండాలి.
- కొన్ని రోజులు నడిపాక నట్టును మరోసారి చూడండి.

12. వాషర్, వెనక వైపర్

నాజిల్‌లోంచి నీరు రాకపోతే ముందు పంపు శబ్దం వినండి. శబ్దం ఉంటే గొట్టం ఊడింది, లేదా నాజిల్, పంపు మొదట్లోని జల్లెడ మూసుకుపోయాయి. సన్నని సూదితో నాజిల్ పొడిచి, గొట్టంలోకి వెనక నుంచి గాలి ఊదండి. ఖాళీ ట్యాంకుతో పంపు నొక్కుతూ కూర్చుంటే అది కాలిపోతుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు నురగను, మచ్చలను మిగులుస్తాయి. అద్దాలకని అమ్మే ద్రవమే పోయండి. గడ్డకట్టే చలి ఉన్నచోట దానికి తగినదే వాడాలి. మంచుకు అద్దానికి అతుక్కున్న బ్లేడును మోటార్‌తో లాగించకూడదు, గేరు పళ్లు పోతాయి.

వెనక వైపర్‌కు లింకేజీ ఉండదు. మోటార్ గేరు పెట్టెలోంచి స్పిండిల్ నేరుగా బయటికి వస్తుంది. అరుదుగా వాడడం వల్లే ఇది పట్టేస్తుంది. స్పిండిల్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగి నీరు దిగడం దీనికి తోడు. వెనక తలుపు కీలు దగ్గర తీగలు మాటిమాటికీ మడతపడి తెగుతాయి కాబట్టి, అది కదలకపోతే మోటార్ విప్పేముందు ఆ తీగల మీది రబ్బరు గొట్టం వెనక్కి లాగి లోపలి తీగలు చూడండి.